ఛాతీ నీటిలో క్షయ క్రిమి దొరకలేదంటే టీబీ లేదని కాదు: రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, రాష్ట్ర క్షయ నియంత్రణ అధికారులకు నమస్కారాలు.

నేను ఒక జిల్లా కేంద్రంలో ఛాతీ వైద్యుడిగా పనిచేస్తున్నాను. పక్కలో పోటు, రాత్రిపూట జ్వరం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం అంటూ వచ్చి, ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించేవారిని తరచుగా చూస్తుంటాను. ఈ లేఖ రాయడానికి కారణం ఒక్కటే. సూదితో తీసిన ఆ నీటికి మనం ఏ పరీక్షలు చేస్తున్నాం, వచ్చిన ఫలితాన్ని ఎలా చదువుతున్నాం అన్న విషయంలో మనకు ఒక పద్ధతి లేదు. ఉండాలి. దానికి కావలసినవన్నీ దాదాపుగా మన ఆసుపత్రుల్లోనే ఉన్నాయి.

చాలాచోట్ల ఇప్పుడు జరుగుతున్నది ఇది. నీరు తీస్తారు. కొంత సీసాలో పోసి సీబీనాట్‌కో ట్రూనాట్‌కో (క్షయ క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే యంత్ర పరీక్షలు) పంపుతారు. క్షయ క్రిమి కనిపించలేదని రిపోర్టు వస్తుంది. అక్కడి నుంచి రోగి గతి ఆ రోజు డ్యూటీలో ఉన్న వైద్యుడిని బట్టి ఉంటుంది. ఒకరు టీబీ లేదని చెప్పి యాంటీబయాటిక్ రాసి ఇంటికి పంపిస్తారు. ఇంకొకరు మన దేశంలో నీరు చేరిందంటే టీబీయే అనుకుని ఆరు నెలల మందులు మొదలుపెడతారు. మొదటివారు ఆ కాగితాన్ని నమ్మకూడనంత నమ్మారు. రెండోవారు దాన్ని చూడను కూడా లేదు. లెక్క ప్రకారం చూస్తే రెండోవారే ఎక్కువసార్లు ఒప్పవుతారు. అలాగని ఊహ మీద ఆరు నెలల మందులు మింగించడం వైద్యమని నేను ఒప్పుకోలేను.

ఇందులో యంత్రం తప్పేమీ లేదు. ఊపిరితిత్తి అంచున, దాన్ని కప్పి ఉండే పొరకు ఆనుకుని ఉన్న చిన్న క్షయ గడ్డ ఒకటి పగిలి, అందులోని పదార్థం రెండు పొరల మధ్య ఖాళీలోకి చేరినప్పుడు ఈ నీరు మొదలవుతుంది. లోపలికి వెళ్లిన క్రిములు కొద్ది. వాటిని గుర్తుపట్టిన మన రోగనిరోధక కణాల స్పందన మాత్రం పెద్దది. లింఫోసైట్లనే తెల్ల కణాలు గుంపులుగా వస్తాయి, రక్తనాళాల నుంచి ప్రోటీన్లతో కూడిన ద్రవం ఊరుతుంది, ఆ ద్రవం వెనక్కి పీల్చుకునే దారులు మూసుకుపోతాయి. లీటరు నీరు తీసినా అందులో ఉండేది ఎక్కువగా మన శరీరం తయారు చేసుకున్నదే. క్రిములు ఉంటే పొరలో, దాని మీది కణికల్లో ఉంటాయి. నీటిలో వాటిని వెతకడమంటే అవి తక్కువగా ఉండే చోట వెతకడమే.

అందుకే స్లైడు మీద రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ నీటిలో క్రిమి కనిపించేది నూటికి పది మందిలో కూడా కాదు. కల్చర్‌లో, అంటే క్రిమి పెరగడానికి పోషక పదార్థంలో పెడితే కాస్త మెరుగు. అయినా సగానికి పైగా రోగుల్లో ఏమీ పెరగదు. పైగా ద్రవ మాధ్యమంలో ఆరు వారాలు, లోవెన్‌స్టీన్ జెన్సన్ అనే ఘన మాధ్యమంలో ఎనిమిది వారాలు వేచి చూసిన తర్వాతే ఏమీ పెరగలేదని చెప్పగలం. ఇక సీబీనాట్. కల్చర్‌లో పెరిగిన కేసులను ప్రమాణంగా పెట్టుకుంటే ఇది అందులో సగం పట్టుకుంటుంది. బయాప్సీ (పొర ముక్క పరీక్ష), కల్చర్, మందులకు వచ్చిన మార్పు అన్నీ కలిపి టీబీ అని తేల్చిన కేసులను ప్రమాణంగా తీసుకుంటే, పట్టుకునేది సుమారు ఐదో వంతు మాత్రమే. కఫంలో అద్భుతంగా పనిచేసే అదే యంత్రం, అదే కార్ట్రిడ్జ్.

ఐదో వంతు అంటే ఏమిటో లెక్క వేసి చూద్దాం. ఇరవై, ముప్పై ఏళ్ల వయసున్న వంద మంది వచ్చారు. అందరికీ ఒకవైపు నీరు, అందులో లింఫోసైట్లే ఎక్కువ. మన ప్రాంతంలో అలాంటివారిలో ఎనభై మందికి టీబీ ఉందనుకుందాం. సీబీనాట్ వారిలో పదహారు మందిని పట్టుకుంటుంది. మిగిలిన 84 మందికీ నెగెటివ్ రిపోర్టు వెళుతుంది. ఆ 84 మందిలో 64 మందికి టీబీ ఉంది. ఆ కాగితం చూసి టీబీ లేదని ఇంటికి పంపిన ప్రతి నలుగురిలో ముగ్గురిని రోగంతోనే పంపినట్టు.

దీంతో ఆ పరీక్షకు పంపడం మానేయాలని నేను అనడం లేదు. పాజిటివ్ వస్తే దాదాపు కళ్లు మూసుకుని నమ్మవచ్చు. ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగని క్రిమి అయితే అదీ ఆ పూటే తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అనుమతించడం వెనుక ఉన్న ఆలోచన కూడా అదే. హెచ్ఐవీ ఉన్నవారి నీటిలో క్రిములు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది కాబట్టి వారి నమూనా తప్పకుండా పంపాలి. కానీ నెగెటివ్ విషయం వేరు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లో తెచ్చిన ఇండెక్స్-టీబీ మార్గదర్శకాలు ఊపిరితిత్తుల చుట్టూ చేరే నీటి విషయంలో ఈ యంత్రం మీద ఆధారపడవద్దనే చెప్పాయి. ఆ మాట వార్డు దాకా, రిపోర్టు కాగితం దాకా దిగిరాలేదు.

మరి దేని మీద ఆధారపడాలి? క్రిమి దొరకనప్పుడు శరీరం చూపిన స్పందనను కొలవాలి. దానికి మన దగ్గర అడినోసిన్ డీఅమినేస్ పరీక్ష ఉంది. వార్డుల్లో అందరూ ఏడీఏ అంటారు. అడినోసిన్‌ను ఇనోసిన్‌గా, అమ్మోనియాగా విడగొట్టే ఎంజైమ్ ఇది. టీబీ నీటిలో ఇది బాగా పెరుగుతుందని ఇటలీకి చెందిన పిరాస్ బృందం 1978లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసింది. ఆ తర్వాత స్పెయిన్, దక్షిణాఫ్రికా, బ్రెజిల్, మన దేశం ఇలా టీబీ ఉన్న చోటల్లా దీన్ని పరీక్షించి చూశారు. 2008లో 63 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలో, టీబీ ఉన్నవారిలో నూటికి 92 మందిని ఇది పట్టుకున్నట్టు, టీబీ లేనివారిలో నూటికి 90 మందిని సరిగ్గా వదిలేసినట్టు తేలింది. ఎక్కువమంది వాడే హద్దు లీటరుకు 40 యూనిట్లు.

దీనికి కోట్ల రూపాయల యంత్రం అక్కరలేదు. అసలు పద్ధతి గ్యుస్టి అనే పరిశోధకుడిది. ఎంజైమ్ పనిచేసినప్పుడు పుట్టిన అమ్మోనియాకు రసాయనాలు కలిపితే నీలిరంగు వస్తుంది, ఆ రంగు గాఢతను కలోరీమీటర్‌లో కొలవాలి. షుగరు, క్రియాటినిన్ చూసే సెమీ ఆటో అనలైజర్ ఉన్న ఏ ఏరియా ఆసుపత్రి ల్యాబులోనైనా ఈ పని జరుగుతుంది. 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే నీటి తొట్టి ఒకటి కావాలి. కిట్లు మన దేశంలోనే దొరుకుతాయి. ఇంత తేలికైన పరీక్ష కోసం రోగి బంధువు నీటి సీసా పట్టుకుని ఆసుపత్రి గేటు బయట ప్రైవేటు ల్యాబుకు పరుగెత్తవలసిన అవసరం ఏముంది?

ఏడీఏను నెత్తిన పెట్టుకుని తిరగమని మాత్రం అడగడం లేదు. దానికీ లోపాలున్నాయి, వాటిని తెలుసుకుని వాడాలి. చీము చేరిన ఛాతీలోనూ, న్యుమోనియా పక్కన చేరిన నీటిలోనూ అది పెరుగుతుంది. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌లో పెరుగుతుంది. కీళ్లవాతం వల్ల వచ్చే నీటిలో పెరుగుతుంది. మరీ ఎక్కువగా, 250 దాటి వచ్చిందంటే సంబరపడి టీబీ మందులు రాయకుండా చీము గురించో లింఫోమా గురించో ఆలోచించాలి. వయసు పెరిగేకొద్దీ టీబీ ఉన్నా ఈ అంకె కాస్త తక్కువగా రావచ్చు. 38 వస్తే లేదు, 42 వస్తే ఉంది అని చదివేవారిని చూస్తుంటాను. ఆ రెండు అంకెల మధ్య తేడా అదే నమూనాను రెండోసారి పెడితే వచ్చే తేడా కంటే పెద్దదేమీ కాదు.

పద్ధతి మారితే అంకె కూడా మారుతుంది. గ్యుస్టి పద్ధతిలో అమ్మోనియాను కొలుస్తారు. కొత్తగా వచ్చిన కైనెటిక్ కిట్లు వేరే ఎంజైములతో ఇనోసిన్ వైపు నుంచి కొలుస్తాయి. ఒక కిట్‌కు సరిపోయిన 40 అనే హద్దు మరో కిట్‌కు సరిపోకపోవచ్చు. టెండర్లలో ఏటా కంపెనీ మారుతుంది, రిపోర్టు మీద హద్దు మాత్రం మారదు. అమ్మోనియా కొలిచే పద్ధతి వాడే ల్యాబులో అమ్మోనియా ఉన్న శుభ్రపరిచే ద్రవంతో బల్ల తుడిచినా అంకె పెరుగుతుంది. నీరు గంటల తరబడి వేసవి వేడిలో ఉంటే ఎంజైమ్ తగ్గిపోవచ్చు, బ్యాక్టీరియా పెరిగితే అమ్మోనియా పెరగవచ్చు. రక్తం ఎక్కువగా కలిసిన నమూనా కూడా నమ్మదగినది కాదు. ఇవేవీ పెద్ద సమస్యలు కావు. ల్యాబు టెక్నీషియన్‌కు రెండు రోజుల శిక్షణ, నాణ్యత పరీక్షించే నియంత్రణ ద్రవాలు, రిపోర్టు మీద ఏ పద్ధతితో కొలిచారో ఒక వాక్యం ఉంటే చాలు.

ఏడీఏ ఒంటరిగా చెప్పేదానికంటే కణాల లెక్కతో కలిపి చెప్పేది ఎక్కువ. మన దగ్గర అందరూ మరచిపోయే పరీక్ష ఇదే. నీటిలో తెల్ల కణాలు ఎన్ని, అందులో లింఫోసైట్లు ఎన్ని, న్యూట్రోఫిల్స్ (చీములో ఎక్కువగా ఉండే తెల్ల కణాలు) ఎన్ని అని చూడటానికి సూక్ష్మదర్శిని, స్లైడు, ఓపిక తప్ప ఏమీ అక్కరలేదు. లింఫోసైట్లు ఎక్కువగా ఉండి ఏడీఏ కూడా ఎక్కువగా ఉంటే టీబీ అనే నమ్మకం బాగా పెరుగుతుంది. న్యూట్రోఫిల్స్ నిండిపోయి ఏడీఏ ఎక్కువగా ఉంటే ముందు చీము సంగతి చూడాలి, గొట్టం వేయాలి. అక్కడ టీబీ మందులు మొదలుపెట్టి కూర్చుంటే చీము గదులు గదులుగా గట్టిపడి, చివరికి ఆపరేషన్ దాకా వెళ్లవలసి వస్తుంది. ఒక మెలిక ఉంది. టీబీ నీరు మొదలైన తొలి రోజుల్లో న్యూట్రోఫిల్సే ఎక్కువగా ఉండవచ్చు. అనుమానం ఉంటే కొన్ని రోజుల తర్వాత మళ్లీ నీరు తీసి చూడాలి. రెండోసారి తీయడమంటే మొదటిసారి తప్పు చేసినట్టు కాదని రోగికీ, వారి ఇంటివారికీ ముందే చెప్పాలి.

దీనికంటే ముందు చేయవలసినది మరొకటి ఉంది. ఆ నీరు వాపు వల్ల వచ్చినదా, లేక గుండె, కాలేయం, మూత్రపిండాల జబ్బుల వల్ల ఊరినదా అని తేల్చాలి. 1972లో రిచర్డ్ లైట్ అనే వైద్యుడు ఇచ్చిన కొలమానాలు ఇప్పటికీ చెల్లుతున్నాయి. నీటిలోని ప్రోటీన్ రక్తంలోని ప్రోటీన్‌లో సగానికి మించినా, నీటిలోని ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ రక్తంలోని దానికి 0.6 వంతు దాటినా, లేదా రక్తంలో ఆ ఎంజైమ్‌కు మామూలుగా ఉండే గరిష్ఠ పరిమితిలో మూడింట రెండు వంతులు దాటినా అది వాపు నీరు. ఇది తేలాలంటే నీరు తీసిన రోజునే రక్తం కూడా తీయాలి. ఎన్ని కేస్ షీట్లు తిరగేసినా నీటి ప్రోటీన్ ఉంటుంది, రక్తపు ప్రోటీన్ ఉండదు. సగం కొలత ఎవరికీ పనికిరాదు. గుండె జబ్బుతో కాళ్లు వాచి, రెండువైపులా నీరు చేరిన వృద్ధురాలికి టీబీ మందులు పెట్టిన చీటీలు నా టేబుల్ మీదకు వస్తూనే ఉంటాయి.

ఇక వయసు. పైన వేసిన లెక్కనే మరో గుంపుకు వేసి చూద్దాం. యాభై దాటిన, ఏళ్ల తరబడి చుట్టో బీడీయో కాల్చిన వంద మంది వచ్చారు. వీరిలో టీబీ ఉన్నవారు ఇరవై మందే అనుకుందాం. ఏడీఏ వారిలో పద్దెనిమిది మందిని పట్టుకుంటుంది. టీబీ లేని ఎనభై మందిలో ఎనిమిది మందికి కూడా పాజిటివ్ చూపిస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 26 మందిలో ఎనిమిది మందికి ఉన్నది వేరే జబ్బు, అది క్యాన్సర్ కూడా కావచ్చు. కుర్రవాళ్ల గుంపులో అదే పరీక్ష పాజిటివ్ చూపిన 76 మందిలో పొరపాటు ఇద్దరి విషయంలోనే. పరీక్ష ఒకటే, అంకె ఒకటే. చదవవలసిన తీరు వేరు. అందుకే పరీక్ష చీటీ మీద వయసు, పొగ అలవాటు, ఎన్ని రోజులుగా జ్వరం, నీరు ఎర్రగా ఉందా అన్నవి రాయకుండా నమూనా తీసుకోకూడదని ల్యాబులకు చెప్పాలి. ఈ గుంపులో ప్రతి నమూనాకూ క్యాన్సర్ కణాల కోసం సైటాలజీ తప్పనిసరి చేయాలి.

మందులు మొదలుపెట్టి చూద్దాం, తగ్గితే టీబీయే అనే వాదన ఒకటి మన వృత్తిలో పాతుకుపోయింది. దీన్ని ఇక్కడే తేల్చుకోవాలి. టీబీ నీరు మందులు లేకపోయినా చాలామందిలో కొన్ని వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. టీబీ కాని నీళ్లు కూడా కొన్ని అలాగే ఇంకిపోతాయి. కాబట్టి తగ్గడం దేనికీ రుజువు కాదు. ఇక నీరు ఇంకిపోయింది కదా, మందులెందుకు అనుకోవడం ఇంకా ప్రమాదం. అమెరికా సైనికుల మీద రోపర్, వేరింగ్ అనే పరిశోధకులు చేసిన పరిశీలన 1955లో వచ్చింది. నీరు చేరి, చికిత్స లేకుండా నయమైనట్టు కనిపించినవారిలో నూటికి 65 మందికి ఐదేళ్లలోపు ఊపిరితిత్తుల్లోనో మరో అవయవంలోనో టీబీ బయటపడింది. యాంటీబయాటిక్ ఇచ్చి ఇంటికి పంపిన యువకుడు రెండు నెలల తర్వాత బాగున్నాడని సంతోషించడానికి వీల్లేదు. మూడేళ్ల తర్వాత దగ్గుతూ తిరిగి వస్తే, అప్పటికి అతని ఇంట్లో చిన్నపిల్లలు ఉండవచ్చు.

అటువైపు తప్పు కూడా చిన్నది కాదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయానికి భారమే. ఇథాంబుటాల్ చూపును దెబ్బతీయగలదు. తాగుడు అలవాటు ఉన్నవారికి పచ్చకామెర్లు వస్తే మందులు ఆపి, ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టడానికి పడే కష్టం నా తోటి వైద్యులందరికీ తెలుసు. అన్నింటికంటే ఎక్కువగా బాధించేది మరొకటి. ఊపిరితిత్తి క్యాన్సర్ ఉన్న రైతు టీబీ కోర్సు పేరుతో నాలుగు నెలలు గడిపి, నీరు మళ్లీ చేరిందని వస్తాడు. ఆ నాలుగు నెలలు తిరిగిరావు.

ఇంత మాట్లాడుకున్నాం కానీ, అసలు క్రిమిని పట్టుకోవడానికి దగ్గరి దారి ఒకటి మన కళ్ల ముందే ఉంది. అది కఫం. నీరు చేరినవారికి దగ్గు లేదు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది, కఫం ఎందుకు అంటారు. 2003లో బ్రెజిల్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఉప్పునీటి ఆవిరి పట్టించి కఫం తెప్పించి కల్చర్ చేస్తే, పొర టీబీ ఉన్నవారిలో సగం మందికి క్రిమి పెరిగింది. నీరు తప్ప ఎక్స్‌రేలో మరేమీ లేనివారిలో కూడా అంతే. నెబ్యులైజర్ లేని ఆసుపత్రి ఇప్పుడు లేదు. మూడు శాతం సెలైన్, గాలి ఆడే చోటు, సిబ్బందికి మాస్కులు ఉంటే సరిపోతుంది. నీరు తీసిన రోజే కఫమూ సీబీనాట్‌కు, కల్చర్‌కు వెళ్లాలి. ఖర్చు దాదాపు సున్నా. ఇంట్లోవారికి సోకే ప్రమాదం ఉందా లేదా అన్నదీ దీనితోనే తెలుస్తుంది.

రక్తపరీక్షల సంగతి క్లుప్తంగా. టీబీకి యాంటీబాడీలు చూసే రక్తపరీక్షలను కేంద్రం 2012లోనే నిషేధించింది. వాటి స్థానంలో ఇప్పుడు ఐజీఆర్ఏ అనే మరో రక్తపరీక్షను ఖరీదైన ప్యాకేజీల్లో రాస్తున్నారు. ఒంట్లో ఎప్పుడో క్షయ క్రిమి చేరిందని అది చెబుతుంది. ఇప్పుడు ఛాతీలో ఉన్న నీరు టీబీ వల్లనా కాదా అన్నది చెప్పదు. మన జనాభాలో నిద్రాణంగా క్రిమి ఉన్నవారు ఎంతమందో మీకు వేరే చెప్పనక్కరలేదు. ప్రైవేటు ఆసుపత్రులకు ఈ విషయం ఒక సర్క్యులర్‌లో స్పష్టంగా రాయండి.

నీటి పరీక్షలు చెప్పలేకపోయినప్పుడు చివరి మాట చెప్పేది పొర ముక్క. ఏబ్రామ్స్ సూదితో పొర నుంచి చిన్న ముక్కలు తీసి కణజాల పరీక్షకు, కల్చర్‌కు రెండింటికీ పంపితే ఎక్కువమంది రోగుల్లో టీబీ తేలిపోతుంది. థొరకోస్కోపీతో, అంటే ఛాతీలోకి పంపే కెమెరా గొట్టంతో లోపల చూస్తూ తీస్తే దాదాపు అందరిలోనూ తేలుతుంది, క్యాన్సర్ అయితే అదీ తెలుస్తుంది. మందులకు లొంగని క్రిమి అయితే ఆ సంగతి బయటపడేది కూడా ఎక్కువగా ఈ ముక్క నుంచే. నేను పీజీ చదివే రోజుల్లో ఏబ్రామ్స్ సూది ప్రతి ఛాతీ వార్డులోనూ ఉండేది. సీటీ, అల్ట్రాసౌండ్ వచ్చాక దాన్ని పక్కన పెట్టేశారు. నిజానికి అల్ట్రాసౌండ్‌తో చోటు చూసుకుని వాడితే ఆ సూది ఇప్పుడు మునుపటికంటే భద్రం. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖపట్నం ఛాతీ ఆసుపత్రి వంటి పెద్ద కేంద్రాలు జిల్లాల యువ వైద్యులకు దీన్ని నేర్పగలవు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం ఉన్న నేల మనది. క్షయ వైద్యంలో ఒకప్పుడు దేశానికి పాఠం చెప్పిన ప్రాంతంలో ఇప్పుడు ఒక సూది వాడకాన్ని మళ్లీ నేర్పలేమా?

ముక్క తీసిన తర్వాత జరిగే ఒక చిన్న పొరపాటు గురించి చెప్పకపోతే ఈ లేఖ అసంపూర్ణం. తీసిన ముక్కలన్నీ కణజాలాన్ని నిల్వ చేసే ఫార్మలిన్ సీసాలో వేస్తారు. ఫార్మలిన్‌లో పడిన క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్ అసాధ్యం. కణజాల పరీక్షకు ఫార్మలిన్, కల్చర్‌కు, సీబీనాట్‌కు మామూలు సెలైన్. ఆపరేషన్ గదిలో ఈ రెండు సీసాలూ లేబుళ్లతో సిద్ధంగా ఉంచడానికి జీవో అక్కరలేదు, స్టాఫ్ నర్సుకు ఒకసారి చెబితే చాలు. నీటి విషయంలోనూ అంతే. కణాల లెక్కకు గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉన్న గొట్టం, రసాయన పరీక్షలకు ఖాళీ గొట్టం, కల్చర్‌కు వీలైనంత ఎక్కువ నీరు పట్టే శుభ్రమైన పాత్ర, ఐస్ పెట్టె. ఖాళీ అయిన సెలైన్ సీసాలో అంతా కలిపి పోసి, మధ్యాహ్నం దాకా నర్సుల టేబుల్ కింద ఉంచి, మూడు ల్యాబులకు పంచడం ఆపాలి.

అయ్యా, అమ్మా, మీ చేతుల్లో ఉన్న పనుల గురించి ఇప్పుడు చెబుతాను. ప్రతి జిల్లా, ఏరియా ఆసుపత్రిలో నీరు తీస్తే చేయవలసిన పరీక్షలను విడివిడిగా కాక ఒకే కట్టగా ఆర్డరు చేసే వీలు కల్పించండి. కణాల లెక్క, నీటికీ రక్తానికీ ప్రోటీన్, ఎల్‌డీహెచ్, ఏడీఏ, సైటాలజీ, నీరు, కఫం రెండింటి సీబీనాట్, కల్చర్ అందులో ఉండాలి. తెలంగాణలో డయాగ్నొస్టిక్ హబ్బులు ఇప్పటికే ఊళ్ల నుంచి నమూనాలు సేకరించి తెస్తున్నాయి. ఛాతీ నీటి నమూనాలకూ ఆ వాహనాల్లోనే చోటివ్వండి, ఏడీఏ ఫలితం మర్నాటికల్లా రావాలని నియమం పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో ఏ ఆసుపత్రి ల్యాబు ఈ పరీక్షకు కేంద్రంగా ఉంటుందో పేర్లతో ఆదేశం ఇవ్వండి. ఏడీఏ పెరిగి, లింఫోసైట్లు ఎక్కువగా ఉండి, వయసు చిన్నదైతే మందులు మొదలుపెట్టే ధైర్యం జిల్లా వైద్యులకు ఇవ్వండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కలవకపోయినా ముక్క తీయించే దారి చూపండి. ప్రతి బోధనాసుపత్రిలో వారంలో ఒక రోజు థొరకోస్కోపీకి కేటాయించి, జిల్లాల నుంచి వచ్చేవారికి ఉచితంగా చేయండి, రానుపోను ఖర్చులివ్వండి. సీబీనాట్ రిపోర్టు మీద, నమూనా ఊపిరితిత్తుల నీరైతే, నెగెటివ్ ఫలితం టీబీ లేదనడానికి ఆధారం కాదని ఒక వాక్యం తెలుగులో ముద్రించండి. ఈ కోరికల్లో అతి చవకైనది ఇదే. బహుశా ఎక్కువ ప్రాణాలు నిలబెట్టేదీ ఇదే.

లక్ష్యాల గురించి కూడా రాయక తప్పదు. 2025 నాటికి దేశంలో క్షయను అంతం చేస్తామని 2018లో ప్రకటించుకున్నాం. ఆ తర్వాత జిల్లాల మీద నమోదు సంఖ్యల ఒత్తిడి పెరిగింది. క్రిమి దొరికిన కేసులు ఇన్ని ఉండాలి, వైద్యుడు లక్షణాలను బట్టి నిర్ధారించినవి ఇన్నే ఉండాలి అని సమీక్షల్లో అడిగితే, పొర టీబీ ఎటూ కాకుండా పోతుంది. స్వభావరీత్యా అది క్రిమి దొరకని జబ్బు. దేశంలో నమోదయ్యే టీబీలో సుమారు నాలుగో వంతు ఊపిరితిత్తుల వెలుపలిదే. అందులో పొర టీబీ పెద్ద వాటాదారు. వైద్యుడు నిర్ధారించిన కేసు అన్నంత మాత్రాన దాన్ని బలహీనమైన కేసుగా చూడకండి. ఏ ఆధారాలతో నిర్ధారించారు అని అడగండి. టీబీ అని తేలని మనిషికి ఉచిత మందులూ అందవు, 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలైన నిక్షయ్ పోషణ భత్యమూ (టీబీ రోగుల ఆహారానికి ప్రభుత్వం ఇచ్చేది) అందదు. ఆ వెయ్యి రూపాయలు కూలి ఇంట్లో గుడ్లు, పప్పు. అర్హత లేనివారికి ఇవ్వవద్దనే జాగ్రత్త మంచిదే, కానీ అర్హులను వదిలేయడం కూడా ఆడిట్‌లో తప్పుగా రాయాలి కదా.

మరో ఇబ్బంది రెండో నెల సమీక్ష. ఊపిరితిత్తుల టీబీకి రెండు నెలలకు కఫం చూసి రోగం దారిలోకి వచ్చిందో లేదో తెలుసుకుంటాం. పొర టీబీకి అలాంటి కొలమానం లేదు. బరువు, జ్వరం, ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్, అంతే. మందులు వాడుతుంటే మొదటి వారాల్లో నీరు కాస్త పెరిగినట్టు కనిపించడం కూడా ఉంది. దాన్ని చూసి మందులు మార్చనక్కరలేదు. కానీ రెండో నెల చివరికి బరువు తగ్గుతూనే ఉండి, నీరు అలాగే ఉంటే ఆ రోగిని తప్పనిసరిగా ముక్క పరీక్షకు పంపాలని నియమం చేయండి. టీబీ యూనిట్లలోని సీనియర్ చికిత్స పర్యవేక్షకులు ఇంటింటికీ తిరుగుతారు. తూకం తగ్గుతున్న పొర టీబీ రోగిని గుర్తించి చెప్పే పని వారికి అప్పగించవచ్చు.

మీ దగ్గర టీబీ రోగులను నమోదు చేసే నిక్షయ్ పోర్టల్‌లో గత సంవత్సరం పొర టీబీగా నమోదైన ప్రతి మనిషి వివరం ఉంది. రెండు రాష్ట్రాల నుంచి చెరో జిల్లాను తీసుకుని, ఆ రోగుల కేస్ షీట్లు తెప్పించి నాలుగు అంశాలు లెక్కపెట్టించండి. ఎంతమందికి కణాల లెక్క చేశారు, ఎంతమందికి ఏడీఏ ఉంది, నీటితోపాటు రక్తం పరీక్షించింది ఎందరికి, కఫం పంపింది ఎందరికి. దానితోపాటు అదే ఏడాది ఛాతీ నీటి నమూనాలో సీబీనాట్ నెగెటివ్ వచ్చి, ఎక్కడా నమోదు కానివారు ఏమయ్యారో ఫోను చేయించి కనుక్కోండి. ఆ ఫలితాన్ని, ఎలా ఉన్నా సరే, జిల్లా పేరుతో సహా ప్రకటించండి. శిక్షణకు మాలాంటి వైద్యులం సెలవు రోజుల్లో వచ్చి పనిచేస్తాం, తేదీలు మీరు నిర్ణయించండి.

ఇట్లు,
ఒక జిల్లా కేంద్రంలో పనిచేస్తున్న ఛాతీ వైద్యుడు